పబ్లిక్ రేడియో వార్తలు ఒకవైపు మొగ్గుతున్నాయా? విని, రాసుకుని, తేల్చుకోవడం ఎలా

ప్రజల డబ్బుతో నడిచే ఏ రేడియోకైనా ఈ నింద తప్పదు. అమెరికాలో ఎన్‌పీఆర్ (నేషనల్ పబ్లిక్ రేడియో) డెమొక్రాట్ల వైపేనని కన్జర్వేటివ్‌లు అంటారు. అధికారంలో ఉన్నవాళ్ళను అది గట్టిగా నిలదీయదని వామపక్షం వాళ్ళు విసుక్కుంటారు. బ్రిటన్‌లో బీబీసీకి రెండు వైపుల నుంచీ మాటలు పడతాయి. ఆకాశవాణి మీద ఫిర్యాదు మరో రకం: ఢిల్లీ గద్దె మీద ఎవరుంటే వాళ్ళ గొంతే వినిపిస్తుందని. ఎమర్జెన్సీ రోజుల్లో దానికి ‘ఆల్ ఇందిరా రేడియో’ అన్న పేరు పడింది, ఆ పేరు ఇప్పటికీ జనం నోట్లో ఉంది.

‘రెండు వైపుల వాళ్ళూ తిడుతున్నారు కాబట్టి మేం సరిగ్గా మధ్యలో ఉన్నట్టే’ అని సంపాదకులు చెప్పే జవాబును నేను ఒప్పుకోను. ఆ రెండు ఫిర్యాదుల్లో ఒకటి నిజమై, రెండోది ఉత్త అక్కసు కావచ్చు. రెండూ వేర్వేరు వార్తల విషయంలో నిజం కావచ్చు. తిట్లను తూకం వేస్తే తేలే సంగతి కాదిది. ప్రసారమైన వార్తల్నే విని, రాసుకుని, లెక్కపెట్టాలి. ఆ పని మామూలు శ్రోత కూడా చేయగలడు. ఎలా చేయాలో ఇక్కడ చెబుతాను.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ రేడియోలను అడిగే హక్కు మనకుంది. ప్రైవేటు చానెల్ నచ్చకపోతే కట్టేస్తాం, అంతటితో సరి. పబ్లిక్ రేడియో సంగతి వేరు. అమెరికాలో 1967 నాటి పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం వివాదాస్పద అంశాల మీద వచ్చే కార్యక్రమాల్లో నిష్పాక్షికత, సమతుల్యత ఉండాలని రాసి పెట్టింది. బీబీసీకి రాయల్ చార్టర్ ఉంది, 2017 నుంచి పైన ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ అజమాయిషీ ఉంది. ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి సంస్థకు ఆధారమైన చట్టం 1990లో వచ్చి 1997లో అమల్లోకి వచ్చింది. అందులోని 12వ సెక్షన్ పౌరుడికి స్వేచ్ఛగా, సత్యంగా, నిష్పాక్షికంగా సమాచారం అందాలంటుంది. భిన్నాభిప్రాయాలు వినిపించాలనీ, సంస్థ తనదంటూ ఏ భావజాలాన్నీ ప్రచారం చేయకూడదనీ చెబుతుంది. ఇవి వాళ్ళు ఇచ్చిన మాటలు. నిలబెట్టుకుంటున్నారా లేదా అన్నదే మన ప్రశ్న.

ముందు మీ మొగ్గు రాసుకోండి

రేడియో ఆన్ చేయకముందే చేయాల్సిన పని ఇది. 1985లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన రాబర్ట్ వలోన్, లీ రాస్, మార్క్ లెపర్ ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 1982లో బీరూట్‌లోని పాలస్తీనా శరణార్థి శిబిరాల్లో జరిగిన ఊచకోత మీద అమెరికా టీవీల్లో వచ్చిన వార్తలను ఇజ్రాయెల్‌ను సమర్థించే విద్యార్థులకూ, అరబ్బులను సమర్థించే విద్యార్థులకూ చూపించారు. అందరూ చూసినవి అవే క్లిప్పులు. అవి ఇజ్రాయెల్‌కు వ్యతిరేకంగా ఉన్నాయని మొదటివాళ్ళు, ఇజ్రాయెల్‌ను వెనకేసుకొస్తున్నాయని రెండోవాళ్ళు ఖాయంగా చెప్పారు.

2009లో శాంతో అయ్యంగార్, క్యు హాన్ అనే పరిశోధకులు మరో కోణంలో చూశారు. ఒకే వార్తల హెడ్‌లైన్లకు ఫాక్స్, సీఎన్ఎన్, ఎన్‌పీఆర్, బీబీసీ పేర్లను ఏదో ఒకటి అన్నట్టు తగిలించి జనం ముందు పెట్టారు. ఫాక్స్ పేరున్న వార్తలను కన్జర్వేటివ్‌లు ఏరికోరి ఎంచుకున్నారు, ఎన్‌పీఆర్, సీఎన్ఎన్ పేర్లున్నవాటిని పక్కనపెట్టారు. అంటే లోపలి వార్త చదవకముందే పైనున్న పేరు తీర్పు చెప్పేసింది.

కాబట్టి ఒక కాగితం తీసుకుని, ఈ రేడియో ఎటు మొగ్గుతుందని మీ అనుమానమో ఒక్క వాక్యంలో రాయండి. దాని కింద, ఏం కనబడితే మీ అనుమానం తప్పని ఒప్పుకుంటారో రాయండి. రెండో వాక్యం రాయడం కష్టం. అది రాయలేకపోతున్నారంటే ఇంకా పరిశీలనకు సిద్ధం కానట్టే, మరో రోజు ప్రయత్నించండి. కుదిరితే మీ రాజకీయాలతో అస్సలు పడని ఒకరిని తోడు పెట్టుకోండి. ఇద్దరూ అవే బులెటిన్లు విని విడివిడిగా రాసుకుని తర్వాత పోల్చుకోండి. ఇద్దరి పుస్తకాల్లోనూ ఒకేలా ఉన్నవి గట్టి ఆధారాలు. తేడా వచ్చినచోట కనీసం వాదనకు ఒక స్పష్టమైన విషయం దొరుకుతుంది.

ఏం వింటున్నారో తేల్చుకోండి

‘ఎన్‌పీఆర్‌లో ఇలా అన్నారు’ అని ఫిర్యాదు చేసేవాళ్ళలో చాలామంది విన్నది నిజానికి స్థానిక స్టేషన్ సొంత కార్యక్రమం. అక్కడ వందల స్టేషన్లు ఎవరికి వారే స్వతంత్ర సంస్థలు. జాతీయ వార్తలను ఎన్‌పీఆర్ నుంచి తీసుకుంటాయి, మిగతాది తామే తయారు చేసుకుంటాయి. ఆకాశవాణిలోనూ ఢిల్లీ బులెటిన్ వేరు, ప్రాంతీయ వార్తా విభాగం బులెటిన్ వేరు. ఎవరు తయారు చేశారో తెలియకుండా ఎవరినీ నిలదీయలేం.

వార్త, విశ్లేషణ, చర్చ, వ్యాఖ్యానం అన్నవాటిని కూడా విడదీసుకోండి. చర్చకు వచ్చిన అతిథి ఒక పార్టీని ఉతికి ఆరేస్తే అది అతని అభిప్రాయం. అదే మాట న్యూస్‌రీడర్ నోట సొంత వాక్యంగా వస్తే అది రేడియో అభిప్రాయం. ఈ పరిశీలనకు బులెటిన్లే మంచివి. అవి చిన్నవి, ఒక మూసలో ఉంటాయి, రోజూ అదే వేళకు వస్తాయి కాబట్టి పోల్చడం తేలిక.

ప్రశ్నను వీలైనంత ఇరుగ్గా పెట్టుకోండి. ‘ఈ రేడియో పక్షపాతమా?’ అన్న ప్రశ్నకు జీవితకాలం విన్నా జవాబు దొరకదు. ‘ఫలానా బిల్లు మీద వచ్చే రెండు వారాల్లో ఉదయం బులెటిన్లలో ఎవరెవరి మాట ఎంతెంత వచ్చింది?’ అంటే దొరుకుతుంది. ఏయే తేదీలు వింటారో ముందే రాసి పెట్టుకోండి. కోపం వచ్చిన రోజున విన్న బులెటిన్లనే పోగేస్తే అది మీ కోపం చరిత్ర అవుతుంది తప్ప రేడియో చరిత్ర కాదు.

నోట్‌బుక్

చాలా రేడియోలు ఇప్పుడు బులెటిన్ల ఆడియోను వెబ్‌సైట్‌లో పెడుతున్నాయి. కొన్ని రాతప్రతులు కూడా పెడతాయి. ఆడియోను వెంటనే దాచుకోండి, కొన్నాళ్ళకు తీసేయవచ్చు. వార్త వార్తకూ ఒక వరుస రాయండి: తేదీ, వేళ, ఎన్నో వార్తగా వచ్చింది, ఎన్ని సెకన్లు, ఎవరి గొంతు నేరుగా వినిపించింది, ఎవరి మాట న్యూస్‌రీడర్ చెప్పారు, ఏ క్రియతో ముగించారు, చివరి వాక్యం ఎవరిది.

సెకన్లు లెక్కపెట్టడం చాదస్తంగా అనిపించొచ్చు. కానీ జ్ఞాపకం నమ్మదగ్గది కాదు. మనకు నచ్చని నాయకుడు ఇరవై సెకన్లు మాట్లాడితే రెండు నిమిషాలు మాట్లాడినట్టు గుర్తుంటుంది.

వాక్యాన్ని విప్పి చూడండి

ఇక్కడ తొందరపడకండి. ఊరికే ఒక బులెటిన్ ముక్కను ఊహించుకుందాం:

‘పదవీ విరమణ వయసు పెంపు బిల్లును సభ ఆమోదించింది. ఈ సంస్కరణతో ఖజానాపై భారం తగ్గుతుందని ఆర్థిక మంత్రి స్పష్టం చేశారు. భావితరాల కోసమే ఈ నిర్ణయం తీసుకున్నామని ఆయన వివరించారు. బిల్లు కార్మికులకు వ్యతిరేకమని ప్రతిపక్షాలు ఆరోపించాయి. నిరసనల కారణంగా పలుచోట్ల ట్రాఫిక్‌కు అంతరాయం కలిగింది.’

ఇందులో ఒక్క అబద్ధం లేదు. అయినా మళ్ళీ చదవండి. మంత్రికి రెండు వాక్యాలు, ప్రతిపక్షాలకు ఒకటి. మంత్రి ‘స్పష్టం చేశారు’, ‘వివరించారు’. అంటే ఆయన చెప్పింది ముందే నిజమన్నట్టు, మనకు అర్థమయ్యేలా చెప్పడమే మిగిలినట్టు. ప్రతిపక్షాలు ‘ఆరోపించాయి’, అంటే రుజువు కావాల్సిన మాట. మంత్రి ఒక మనిషి, పదవితో సహా ఉన్నాడు. ప్రతిపక్షాలు పేరు లేని బహువచనం. రోడ్డు మీదికి వచ్చిన జనం ఎందుకు వచ్చారో లేదు, వాళ్ళ వల్ల ట్రాఫిక్ ఆగిందని మాత్రం ఉంది. ‘సంస్కరణ’ అన్నది ప్రభుత్వం వాడే మాట, అది కొటేషన్ లేకుండా వాక్యంలో కలిసిపోయింది. అన్నిటికన్నా ముఖ్యం, వయసు ఎంత నుంచి ఎంతకు పెరిగింది, ఎవరికి వర్తిస్తుంది, ఓటింగ్ ఎలా జరిగింది అన్న మూడు నిజాలకు చోటే దొరకలేదు.

ఇప్పుడు అదే వార్తను అటువైపు వంచి చూడండి: ‘ప్రతిపక్షాల తీవ్ర అభ్యంతరాల మధ్య ప్రభుత్వం పదవీ విరమణ వయసు పెంపు బిల్లును గట్టెక్కించుకుంది. కార్మికుల కడుపు కొట్టే చర్య ఇదని ప్రతిపక్ష నేత తేల్చిచెప్పారు. వేలాది మంది వీధుల్లోకి వచ్చారు. ఖజానా భారం తగ్గుతుందంటూ మంత్రి సమర్థించుకునే ప్రయత్నం చేశారు.’ ఇందులోనూ అబద్ధం లేదు.

రెంటినీ పక్కపక్కన పెట్టుకుని వింటే చెవి పదునెక్కుతుంది. అసలు బులెటిన్‌లో వాక్యం వినగానే అది ఎటు వంగిందో పట్టుకోగలుగుతారు. క్రియల విషయంలో ఒక జాబితా తయారు చేసుకోండి. ‘అన్నారు’, ‘చెప్పారు’, ‘తెలిపారు’ మధ్యస్థం. ‘వెల్లడించారు’, ‘స్పష్టం చేశారు’, ‘గుర్తుచేశారు’ అంటే చెప్పింది నిజమని రేడియో పూచీ పడినట్టే. ‘ఆరోపించారు’, ‘చెప్పుకొచ్చారు’, ‘సమర్థించుకున్నారు’ అంటే నమ్మకం తగ్గించినట్టే. ‘విరుచుకుపడ్డారు’, ‘ఎద్దేవా చేశారు’, ‘నోరు పారేసుకున్నారు’ అంటే విషయాన్ని వదిలి మనిషి కోపాన్ని ముందుకు తెచ్చినట్టు. ఒక్కోసారి ‘ఆరోపించారు’ అన్నదే సరైన మాట, ఎందుకంటే అది నిజంగా రుజువు కాని ఆరోపణే. చూడాల్సిందేమిటంటే రుజువు కాని మాట మంత్రి అన్నప్పుడు కూడా అదే క్రియ వాడుతున్నారా లేదా. పేజీ మధ్యలో గీత గీసి, ఒకవైపు అధికార పక్షానికి వాడిన క్రియలు, రెండోవైపు ప్రతిపక్షానికి వాడినవి రాస్తూ పోండి. రెండు వారాల తర్వాత ఆ పేజీయే చాలా చెబుతుంది.

ఒక్కోసారి ఒక్క పేరు చుట్టూ పెద్ద వివాదం నడుస్తుంది. 2009లో ఖైదీల మీద అమెరికా ప్రయోగించిన వాటర్‌బోర్డింగ్‌ను (నీళ్ళు పోసి ఊపిరాడకుండా చేయడాన్ని) ‘టార్చర్’ అని ఎన్‌పీఆర్ ఎందుకు అనడం లేదని శ్రోతలు పెద్దఎత్తున నిలదీశారు. ఆ విధానాన్ని సమర్థిస్తూ శ్రోతల ఫిర్యాదులు చూసే అప్పటి అంబుడ్స్‌మన్ రాసిన కాలమ్ ఇంకా కోపం తెప్పించింది. 2023 అక్టోబరులో హమాస్‌ను ‘టెర్రరిస్టు సంస్థ’ అని సొంత గొంతుతో అనని బీబీసీని బ్రిటన్ మంత్రులే విమర్శించారు. ఇతరులు అన్నప్పుడు వాళ్ళ మాటగా చెబుతాం, మా సొంత మాటగా చెప్పం అన్నది బీబీసీ వాదన. ఇలాంటిచోట ఒక వార్తలోని మాటను పట్టుకుని తీర్పు చెప్పకండి. అదే నియమాన్ని అదే రేడియో వేరే దేశం, వేరే గుంపు, వేరే ప్రభుత్వం విషయంలో పాటించిందా అని పాత ప్రసారాల్లో వెతకండి. నియమం అందరికీ ఒకటే అయితే దాన్ని మీరు తప్పుబట్టొచ్చు గానీ పక్షపాతం అనలేరు. మనిషిని బట్టి మారితే మాత్రం అది పక్షపాతమే.

ఎవరి గొంతు, ఎంతసేపు

గొంతులు లెక్కపెట్టడం సులువు, వాటికి ముద్రలు వేయడమే ప్రమాదం. అమెరికాలో పబ్లిక్ ప్రసారాలకు అప్పట్లో ప్రభుత్వ నిధులు పంచిన సీపీబీ సంస్థకు కెనెత్ టామ్లిన్సన్ చైర్మన్‌గా ఉన్నప్పుడు, కొన్ని టీవీ, రేడియో కార్యక్రమాల్లోని అతిథులను లిబరల్, కన్జర్వేటివ్ అని విడదీసి నివేదిక ఇమ్మని బోర్డుకు చెప్పకుండా ఒక కన్సల్టెంట్‌ను పెట్టారు. 2005లో ఆ కాగితాలు బయటపడ్డాయి. రిపబ్లికన్ సెనెటర్ చక్ హేగల్‌ను కూడా అందులో లిబరల్ ఖాతాలో వేశారు, ఎందుకంటే ఆయన బుష్ ప్రభుత్వ విధానాన్ని ప్రశ్నించారు. సంస్థ అంతర్గత విచారణ టామ్లిన్సన్‌ను తప్పుబట్టింది, ఆయన ఆ ఏడాది నవంబరులో బోర్డు నుంచి తప్పుకున్నారు. పక్షపాతాన్ని కొలవడానికి తీసిన కొలబద్దే వంకరగా ఉండటం అంటే ఇదే.

అందుకే పార్టీ ముద్రలు వదిలేయండి. వచ్చిన మనిషి ఆ రోజు ఆ అంశం మీద ఏమన్నాడన్నది రాయండి: బిల్లుకు అనుకూలం, వ్యతిరేకం, రెండూ కాదు. పక్కనే అతన్ని రేడియో ఎలా పరిచయం చేసిందో రాయండి. ఒక మేధావి ‘ఆర్థికవేత్త’గా, ఎదుటి మేధావి ‘ప్రతిపక్షానికి సన్నిహితుడైన ఆర్థికవేత్త’గా పరిచయమైతే ఆ తేడాను ఎర్ర సిరాతో రాయాల్సిందే.

ఇక సమయం. పాలించేవాళ్ళకు ఎక్కువ సమయం దక్కడం ఏ దేశంలోనైనా సహజం. నిర్ణయాలు తీసుకునేది వాళ్ళు, సంతకాలు పెట్టేది వాళ్ళు. మంత్రులకు అరవై శాతం, ప్రతిపక్షానికి ఇరవై శాతం వచ్చిందని చూపించినంత మాత్రాన ఏదీ రుజువు కాదు. పోల్చాల్సింది గతంతో. ఇప్పటి ప్రతిపక్షం అధికారంలో ఉన్న రోజుల్లో, ఇదే రేడియోలో, ఇలాంటి బిల్లే వచ్చినప్పుడు లెక్క ఎలా ఉంది? అప్పుడూ అంతే ఉంటే ఆ రేడియో ఒక పార్టీ వైపు లేదు, అధికారం వైపు ఉంది. అది కూడా జబ్బే, కానీ వేరే జబ్బు, దానికి మందు వేరు. అప్పటి మంత్రులకు తక్కువ దక్కి ఉంటే, ఇప్పటి పాలక పార్టీ వైపు మొగ్గుందన్న అనుమానానికి బలం చేకూరినట్టు. పాత బులెటిన్లు దొరకని చోట ఈ పోలిక కుదరదు. అప్పుడు మీ ముగింపులో అంతవరకే చెప్పండి.

కత్తెర ఎక్కడ పడింది

రేడియోలో బొమ్మ ఉండదు. రెండు వాక్యాల మధ్య కోత పడితే చెవికి తెలియదు. నాయకుడి బైట్, అంటే ఆయన గొంతుతోనే ఉన్న చిన్న ముక్క, వినిపించిన ప్రతిసారీ ఆ ప్రసంగం పూర్తి వీడియోనో, రాతప్రతినో తెచ్చుకుని పక్కన పెట్టండి. ఆయన ఏ ప్రశ్నకు జవాబుగా అన్నారు? ముందు వాక్యం ఏమిటి? వెంటనే ‘అయితే’ అని ఇంకేమైనా చేర్చారా? టీవీలో జరిగినదే అయినా బీబీసీ పనోరమా ఉదంతం గుర్తుంచుకోదగ్గది. 2024లో వచ్చిన ఆ కార్యక్రమంలో, 2021 జనవరి 6 నాటి ట్రంప్ ప్రసంగంలో 50 నిమిషాలకు పైగా ఎడం ఉన్న రెండు ముక్కలను ఒకే మాటగా అతికారు. ఆ గొడవలో 2025 నవంబరులో డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, వార్తా విభాగం అధిపతి డెబొరా టర్నెస్ రాజీనామా చేశారు. బొమ్మ ఉన్నచోటే కోతను పట్టుకోవడం అంత ఆలస్యమైతే, గొంతు మాత్రమే వినిపించే చోట మీరెంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

చెప్పనిది ఏమిటి

నా దృష్టిలో అసలు పక్షపాతం ఎక్కువగా ఉండేది ఇక్కడే. గొంతులోని వెటకారం మన చెవిన పడుతుంది, ఫిర్యాదు చేస్తాం. అసలు రాని వార్త మీద ఫిర్యాదు చేయాలన్న ఆలోచనే రాదు. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద మెకోంబ్స్, షా అనే పరిశోధకులు చేసి 1972లో ప్రచురించిన అధ్యయనం చూపించింది ఈ శక్తినే. ఏవి ముఖ్యమైన సమస్యలని వార్తాసంస్థలు ఎంచాయో, ఓటర్లు కూడా దాదాపు వాటినే ముఖ్యమని అనుకున్నారు.

ఉదాహరణలు పాతవీ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి. 1926లో బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె జరిగినప్పుడు లేబర్ నాయకుడు రామ్సే మెక్‌డొనాల్డ్‌కు బీబీసీలో మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. అప్పుడు సంస్థను నడిపిన జాన్ రీత్, తాము నిజంగా నిష్పాక్షికంగా ఉండబోమని ప్రభుత్వానికి భరోసా ఉందని డైరీలో రాసుకున్నాడు. 2017 స్వాతంత్ర్య దినోత్సవానికి త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ ఇచ్చిన ప్రసంగాన్ని మార్పులు చేస్తే తప్ప వేయలేమని దూరదర్శన్, ఆకాశవాణి చెప్పాయి. ఆయన మార్చలేదు, ప్రసంగం రాలేదు. ఇవి బయటికి వచ్చినవి. రోజువారీ మౌనాలు ఎవరూ చెప్పకపోతే బయటికి రావు.

వాటిని పట్టుకోవడానికి రోజూ బులెటిన్ వినకముందే మీ సొంత జాబితా ఒకటి రాయండి. ముందు రోజు చట్టసభలో ఏ బిల్లులు, ఏ ప్రశ్నలు వచ్చాయి, పెద్ద కోర్టులు ఏ తీర్పులిచ్చాయి, ఆడిట్ నివేదికలేమైనా సభ ముందుకు వచ్చాయా, గణాంకాలేమైనా విడుదలయ్యాయా చూడండి. ఇవన్నీ అధికారిక వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి. వాటికి తోడు రాజకీయంగా ఎదురెదురుగా ఉండే రెండు పత్రికల మొదటి పేజీలు చూడండి. రెండింటిలోనూ మొదటి పేజీలో ఉన్న వార్త ముఖ్యమైనదనే అనుకోవచ్చు. ఇప్పుడు బులెటిన్ విని, మీ జాబితాలో వచ్చినవాటికి టిక్ పెట్టండి. రాని వాటిని విడిగా ఒక పేజీలో చేర్చండి.

ఒక రోజు మిస్సయితే దానికి అర్థం లేదు. బులెటిన్ అంటే కొద్ది నిమిషాలు, ఎన్నో మంచి వార్తలు పడిపోతాయి. రెండు వారాల తర్వాత ఆ పేజీని ఒకేసారి పైనుంచి కిందికి చదవండి. నిరుద్యోగం తగ్గినప్పుడు వచ్చి పెరిగినప్పుడు రాలేదా? ఒక పార్టీ నాయకుడి మీద కేసు పెడితే మొదటి వార్త అయి, కోర్టు కొట్టేస్తే అసలు రాలేదా? సభలో ఒకవైపు గొడవే వచ్చి, వాళ్ళు అడిగిన ప్రశ్న రాలేదా? పడిపోయినవన్నీ ఒకే గట్టున పడుతుంటే అది చోటు చాలక జరిగింది కాదు.

సమానం అంటే సగం సగం కాదు

రెండు పక్షాలకూ చెరో నిమిషం ఇస్తే న్యాయం జరిగినట్టు కాదు. 2017 ఆగస్టులో బీబీసీ రేడియో 4 ‘టుడే’ కార్యక్రమంలో మాజీ ఆర్థిక మంత్రి లార్డ్ లాసన్ వాతావరణ మార్పు మీద మాట్లాడుతూ గత పదేళ్ళలో భూమి సగటు ఉష్ణోగ్రత కాస్త తగ్గిందన్నారు. అది తప్పు. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు నిలదీయలేదు. అక్కడ నిబంధనల ఉల్లంఘన జరిగిందని 2018లో ఆఫ్‌కామ్ తేల్చింది. బ్రిటిష్ నియమాల్లో వాడే మాట కూడా ‘తగిన’ నిష్పాక్షికత, అంటే అంశానికి తగినంత. విలువల మీద తగవు ఉన్నచోట, అంటే పన్నులు ఎంత ఉండాలి, ఎవరికి రాయితీ ఇవ్వాలి వంటి చోట, అన్ని పక్షాలూ వినబడాలి. కొలిచి చెప్పగల నిజం ఉన్నచోట, ఆ నిజం చెప్పి తర్వాత ఎవరేమన్నారో చెప్పాలి. మీ నోట్‌బుక్‌లో ప్రతి వార్త పక్కనా ఇది ఏ రకం తగవో రాసుకోండి. మీ పక్షం చెప్పిన అబద్ధానికి సమాన సమయం దక్కలేదని ఫిర్యాదు చేయకండి.

తీర్పుకు ముందు ఆగండి

లెక్కలు ఒకవైపు చూపిస్తున్నా, వేరే కారణాలున్నాయేమో చూడండి. ప్రతిపక్ష నేత అడిగినా మాట్లాడలేదేమో. విలేకరి ఒక్కడే ఉన్నాడేమో. రాత్రి షిఫ్టులో వార్తా ఏజెన్సీ పంపిన కాపీని ఉన్నదున్నట్టు చదివారేమో. అదే ఏజెన్సీ వార్తను పత్రికలో చూస్తే ఇది వెంటనే తెలుస్తుంది.

న్యూస్‌రూమ్‌లో ఎవరున్నారన్నదీ, గాలిలోకి ఏం వెళ్ళిందన్నదీ రెండు వేర్వేరు ప్రశ్నలు. ఎన్‌పీఆర్‌లో పాతికేళ్ళు పనిచేసిన ఉరీ బెర్లినర్ 2024 ఏప్రిల్‌లో ఒక వ్యాసం రాశారు. వాషింగ్టన్‌లోని సంపాదక ఉద్యోగుల్లో 87 మంది డెమొక్రాట్లుగా నమోదై ఉన్నారనీ, రిపబ్లికన్ ఒక్కరూ లేరనీ, ఆ ఏకపక్షం వార్తల్లోకి పాకిందనీ ఆయన ఆరోపణ. వార్తా విభాగం అధిపతి దాన్ని గట్టిగా కాదన్నారు, కొందరు సహోద్యోగులు ఆయన లెక్కనే ప్రశ్నించారు. సంస్థ ఆయనను సస్పెండ్ చేసింది, కొద్ది రోజులకు ఆయన రాజీనామా చేశారు. ఉద్యోగుల రాజకీయాలు ఒక్కటే ఉంటే అది అడగాల్సిన ప్రశ్న, ఇంకా జవాబు కాదు. జవాబు కోసం మళ్ళీ ప్రసారాల దగ్గరికే రావాలి. బెర్లినర్ ఎత్తిచూపిన వార్తలను ఒక్కొక్కటిగా విన్నవాళ్ళే ఆయన ఒప్పో తప్పో చెప్పగలరు.

ఫిర్యాదు రాయడం

‘మీరు అమ్ముడుపోయారు’ అని రాస్తే చెత్తబుట్టలోకే. ఇలా రాయండి: ‘ఫలానా తేదీ ఉదయం ఏడు గంటల బులెటిన్‌లో రెండో వార్త. మంత్రి మాటలకు 38 సెకన్లు, ప్రతిపక్షానికి 6 సెకన్లు. బిల్లు ఎవరికి వర్తిస్తుందో చెప్పలేదు. ఇదే అంశం మీద విన్న పది బులెటిన్లలో ఎనిమిదింటిలో ఇలాగే ఉంది, పట్టిక జతచేశాను. మీ సంపాదకీయ నియమావళిలోని ఫలానా నిబంధనకు ఇది విరుద్ధమని నా అభిప్రాయం. సవరణ ప్రసారం చేయాలని, కారణం తెలపాలని కోరుతున్నాను.’ రేడియో సరిగ్గా చేసిన ఒకటి రెండు వార్తలను కూడా పేర్కొనండి. మీరు వెతికింది తప్పులు మాత్రమే కాదని తెలుస్తుంది.

ఎవరికి పంపాలన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. బీబీసీ విషయంలో, వార్త ప్రసారమైన 30 పనిదినాల్లోపు ముందు బీబీసీకే రాయాలి. తృప్తి లేకపోతే అక్కడి ఎగ్జిక్యూటివ్ కంప్లయింట్స్ యూనిట్, ఆ తర్వాతే ఆఫ్‌కామ్. ఎన్‌పీఆర్‌కు పబ్లిక్ ఎడిటర్ అనే పదవి ఉంది, శ్రోతల ఫిర్యాదులు చూడటమే ఆ పని. స్థానిక కార్యక్రమమైతే స్టేషన్‌కే రాయాలి. అమెరికాలో ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి రాసి ప్రయోజనం తక్కువ. ఉద్దేశపూర్వకంగా వార్తను వక్రీకరించారనడానికి ఆధారం ఉంటే తప్ప అది వార్తల విషయంలో జోక్యం చేసుకోదు. ఆకాశవాణి విషయంలో ప్రసార భారతికి రాయవచ్చు. దాంతోపాటు 2005 నాటి సమాచార హక్కు చట్టం చేతిలో ఉంది. అందులో ‘ఎందుకు ఇలా చేశారు’ అని అడిగితే జవాబు రాదు. ‘ఫలానా తేదీ బులెటిన్ రాతప్రతి ఇవ్వండి, ఈ అంశం మీద జారీ అయిన సూచనల నకళ్ళు ఇవ్వండి’ అని రికార్డులు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

సవరణ అడగడం, నిధులు ఆపమనడం ఒకటి కాదు. 2025 మేలో ఎన్‌పీఆర్‌కూ, పబ్లిక్ టీవీ సంస్థ పీబీఎస్‌కూ ప్రభుత్వ నిధులు ఆపాలని ట్రంప్ ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఉత్తర్వు శీర్షికలోనే పక్షపాతం అన్న మాట ఉంది. జులైలో కాంగ్రెస్ సీపీబీకి కేటాయించిన దాదాపు 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది, ఆగస్టులో సీపీబీ మూసివేత ప్రకటించింది. ఆ డబ్బు మీద ఎక్కువగా ఆధారపడింది వాషింగ్టన్‌లోని న్యూస్‌రూమ్ కాదు, మారుమూల ప్రాంతాల చిన్న స్టేషన్లు. ఎవరి బులెటిన్ మీద ఫిర్యాదు ఉందో వాళ్ళకంటే ముందు ఇంకెవరో దెబ్బతినడం నాకు న్యాయంగా అనిపించదు. ఏ వార్త, ఏ వాక్యం, ఎవరి బాధ్యత అన్నది స్పష్టంగా చెప్పే ఫిర్యాదుకు నేను అంత విలువ ఇవ్వడానికి అదొక కారణం.

జవాబు వచ్చాక దాన్ని కూడా నోట్‌బుక్‌లో అంటించండి. ఒప్పుకున్నారా, కారణం చెప్పారా, అందరికీ పంపే అచ్చు ఉత్తరమే పంపి ఊరుకున్నారా రాయండి. మీ పట్టికను, ఆడియోలను, జవాబును కలిపి నలుగురికీ అందుబాటులో పెట్టండి, మీ మొదటి కాగితంతో సహా. మీ మొగ్గు ఏమిటో కూడా చదివేవాళ్ళకు తెలియాలి. మీ లెక్క తప్పని ఎవరైనా చూపిస్తే అక్కడే సరిదిద్దండి. తర్వాతి నెలలో మరో అంశం ఎంచుకుని, అదే వేళ, అవే వరుసలతో మళ్ళీ వినండి.